రైలుకట్ట మీద ఎర్రజెండా

ఈమధ్య మా తమ్ముడి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారంటే ఊరికి వెళ్లాను. భోజనాలయ్యాక అందరూ నడుములు వాల్చారు. నాకు పగటి నిద్ర అలవాటు లేదు, ఇంకొకరి గురక వినే ఓపిక అంతకన్నా లేదు. మెల్లగా రైలుకట్ట వైపు నడిచాను. ఒకప్పుడు మా చేను ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో టమోటా తోట ఉంది. దాని మీద ఒక డ్రోను తిరుగుతోంది. మొక్కల మీద బారెడు ఎత్తులో ఆ కొసదాకా పోయి, తిరిగి ఈ కొసకు వస్తూ మందు చల్లుతోంది. తోట చివర కరెంటు తీగలున్నాయి. అది తీగల వైపు పోయిన ప్రతిసారీ నా అడుగు ఆగిపోయింది. నాలుగోసారికి గట్టు మీద కూలబడ్డాను. డ్రోను నడుపుతున్న మనిషి చేతిలో పెట్టె పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది పెద్దమ్మా? ఎండదెబ్బ తగిలినాదా?"

"ఆ తీగల దిక్కు పోనీయద్దప్పా," అన్నాను.

అతను నవ్వాడు. "తీగలుంటే అదే కనిపెట్టుకోని నిలబడతాదిలే. ఐనా దాంట్లో మనిషి యాడుండాడు పెద్దమ్మా, భయపడేదానికి?"

నిజమే, దాంట్లో మనిషి లేడు. నా పదమూడో ఏట అదే నేల మీద, అదే పని చేసిన విమానంలో మనిషి ఉన్నాడు. ఆయన మా చిన్నాయన. నేను ఈ రోజుకీ ఆ కట్ట వైపు చూస్తే వణికేది ఆయన వల్ల కాదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన ఒక అబద్ధం వల్ల. దాన్ని మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన ఒక్క మనిషికి చాలా ఆలస్యంగా చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు ముదిగుబ్బకూ కదిరికీ నడుమ, మీటరుగేజి లైను పక్కన ఉండేది. మా తాత ఆ లైను మీదే చిన్న చిన్న స్టేషన్లలో మాస్టరుగా పనిచేసి, నేను పుట్టకముందే పోయాడు. నాయన చదువులో నిలవక పట్టాలు బాగుచేసే గ్యాంగుకు మేస్త్రి అయ్యాడు. కాబట్టి మా ఇంట్లో రైలు ఒక చుట్టం లాంటిది. పొద్దున బండి కూత వినబడితే అమ్మ సంగటికి ఎసరు పెట్టేది, సాయంత్రం బండి పోతే దీపం ముట్టించేది. నడవలో కొక్కేనికి నాయన జెండాలు రెండు వేలాడుతుండేవి, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. కర్రలకు చుట్టి, నూనె మరకల తోలుసంచిలో ఉండేవి. దేవుడి పటాలను ముట్టుకున్నా తిట్టేవారు కాదు గానీ వాటిని ముట్టుకుంటే వీపు పగిలేది. పట్టాలు విప్పినప్పుడు ఒక మనిషి అర మైలు ముందుకు పోయి ఎర్రజెండాను రెండు చేతులతో విప్పి పట్టుకుని నిలబడాలి. ఎంత పెద్ద రైలైనా ఆ గుడ్డ ముందు ఆగి తీరాలి. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, లోకంలో అన్నిటికన్నా నమ్మకమైన సంగతి అదే. "దేవుడు ఆలకిస్తాడో లేదో గానీ ఎర్రజెండాకు డ్రైవరు ఆలకిస్తాడు," అనేది.

అవ్వకు ఇద్దరే కొడుకులు. చిన్నవాణ్ని తాత అనంతపురంలో చదివించి, ఆ పైన మద్రాసుకు పంపాడు. ఆ కుర్రాడు ఒకనాడు తల్లిదండ్రులకు మాట మాత్రమైనా చెప్పకుండా యుద్ధ విమానాలు నడిపే పనిలో చేరిపోయాడు. పంతొమ్మిదేళ్లు నిండాయో లేదో. పంజాబు వైపు ఎక్కడో నేర్పించి, బర్మా యుద్ధానికి పంపారు. అప్పటికి నేను లేను. అవ్వ ఆ రెండేళ్లు ఎలా బతికిందో అమ్మ చెప్పగా విన్నదే. చిన్నాయన ఉత్తరాలు వచ్చేవట, వాటిలో సగం పంక్తుల మీద నల్లటి సిరా పూసి ఉండేదట. ఏ ఊళ్లో ఉన్నాడో శత్రువుకు తెలియకూడదని మిలిటరీ వాళ్లే అలా పూస్తారని తాత ఎన్నిసార్లు చెప్పినా అవ్వ నమ్మలేదు. కొడుకుకు తగిలిన దెబ్బల సంగతి ఆ నలుపు కింద ఉందనుకునేది. కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూసేది. తడిగుడ్డతో తుడిచి చూసి ఒక ఉత్తరాన్ని పాడు చేసింది కూడా. రైలు వేళ కాని వేళ ఆగితే, చెడ్డ కబురేదో తెచ్చిందని చేతిలో చేట పడేసి, స్టేషనుకు పరుగెత్తేది. ఆ భయం యుద్ధం అయిపోయాకా ఆమెను వదల్లేదు. నేను ఎరిగిన అవ్వ తెల్లచీర కట్టుకున్న, గట్టిగా మాట్లాడే, ఎవరికీ లొంగని మనిషి. రైలు కాస్త ఎక్కువసేపు ఆగితే మాత్రం తింటున్న ముద్ద మింగేది కాదు.

చిన్నాయన యుద్ధం నుంచి ఒంటి మీద గీత పడకుండా వచ్చాడు. కొన్నేళ్లు మిలిటరీలోనే ఉన్నాడు. చెవిలో ఏదో లోపం వచ్చిందని వాళ్లు పంపించేశాక టపా విమానాలు నడిపాడు, ఆ తర్వాత పైరు మీద మందు చల్లే ఒక కంపెనీలో చేరాడు. పెళ్లి చేసుకోలేదు. ఎప్పుడో రెండేళ్లకోసారి వచ్చి, నాలుగు రోజులుండి, అయిదో రోజు పోయేవాడు. మాకు బిస్కెట్లు తెచ్చేవాడు. అవ్వ సంబంధాల మాట ఎత్తితే గడ్డం గీసుకోవడానికి లేచి వెళ్లేవాడు. రోజుకు రెండుసార్లు గడ్డం గీసుకునే మనిషిని మా ఊరు అంతవరకు చూడలేదు.

మూడేళ్లు వరసగా వాన మొహం చాటేసిన తర్వాత ఒక ఏడు తొలకరి బాగా పడింది. చెనిక్కాయ, అదే వేరుశనగ, మొలిచి, నేల పచ్చబడింది. వారం తిరక్కుండా కంబళి పురుగు దిగింది. ఒంటినిండా ఎర్రటి నూగు, ముట్టుకుంటే దద్దుర్లు. ఒక చేను తినేసి, దండులాగా పక్క చేనికి నడిచి పోయేది. చేల చుట్టూ కాలవలు తవ్వాం. కుండల్లో నీళ్లూ కిరసనాయిలూ పోసి, పుల్లలతో ఏరి అందులో వేశాం. నా చేతులు మోచేతుల దాకా వాచిపోతే అమ్మ ఆముదం రాసేది. అయినా ఏం లాభం? పొద్దున చూసిన పచ్చ సాయంత్రానికి ఈనెలుగా మిగిలేది. అప్పుడు ఊళ్లోకి కబురొచ్చింది, సర్కారు వాళ్లు విమానంతో పొడిమందు చల్లిస్తారని. ఊరి బయట బీడులో రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి, నేల చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. పసుపు రంగు చిన్న విమానం ఒకటి చక్కర్లు కొట్టి ఆ బీడులో దిగితే, ఊరు ఊరంతా దాని చుట్టూ మూగింది. అందులోంచి దిగిన మనిషి కళ్లద్దాలు తీసి, అవ్వకు దణ్ణం పెట్టాడు. మా జిల్లా పని అని తెలిసి, తానే అడిగి వేయించుకుని వచ్చాడట.

ఊళ్లో మా హోదా ఒక్కసారిగా ఆకాశానికెక్కింది. గుట్ట అవతలి పల్లెల నుంచి జనం సద్దిమూటలు కట్టుకుని విమానం చూడ్డానికి వచ్చేవాళ్లు. "మేస్త్రి తమ్ముడంట, జపానోళ్ల ఇమానాలు పడగొట్టినాడంట," అని మా గుమ్మం ముందు నిలబడి చెప్పుకునేవాళ్లు. నేను బడిలో మెడ ఎత్తుకుని నడిచాను. అది రెండు రోజులే.

మూడో రోజు పొద్దున్నే నేను కసువు పారబోయడానికి గడ్డివామి వెనక్కి వెళ్లాను. చిన్నాయన అక్కడ గోడకు చెయ్యి ఆనించి, వంగి, కక్కుకుంటున్నాడు. తిన్న సంగటంతా పోయింది, ఆ తర్వాత ఉత్త పసరు. వెనకనుంచి కనబడే మెడంతా చెమట. నన్ను చూసి నోరు తుడుచుకున్నాడు. ఆయన చేతులు చూశాను. జ్వరం వచ్చిన మనిషి చేతుల్లా వణుకుతున్నాయి.

"బాగలేదా చిన్నాయనా? అమ్మను పిల్చుకోని వస్తా."

"వద్దు, వద్దు. ఎవురికీ చెప్పాకు పాపా." కాసేపు ఊపిరి పీల్చుకుని, నా మొహం చూసి, అబద్ధం చెప్పలేకపోయాడు. "దినామూ ఇంతే. పైకి పోయేముందర ఇట్లయితాది. పైకి పోయినాక చేతులు నిలబడతాయి."

"భయమా?"

"భయమే."

ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన భయం నాకు అంటుకుంది. జపాను విమానాలు పడగొట్టిన మనిషికే భయమైతే నాలాంటి దాని సంగతి ఏమిటి? విమానం లేచిన మోత వినబడగానే నా చెవులు అటే పోయేవి. బడిలో కిటికీ పక్కన కూర్చుని అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకునేదాన్ని. మోత దూరమై వినబడకపోతే పలక మీద గీత సగంలో ఆగిపోయేది. మళ్లీ వినబడితే గీత పూర్తయ్యేది. పొడిమందు వాసన ఊరంతా పట్టింది, మగ్గిన చాపలకూ సున్నానికీ మధ్య ఒక వాసన. చిన్నాయన ఇంటికి రాకముందే ఆయన చొక్కా వాసన గాలికి వచ్చేది. ఆ వాసన రాగానే, ఇవాల్టికి బతికాం అనుకునేదాన్ని.

సాయంత్రాలు మంచం వాకిట్లో వేసుకుని కూర్చుంటే మగవాళ్లంతా చేరేవారు. యుద్ధం కథలు చెప్పమనేవారు. చిన్నాయన బాగా నవ్విస్తూ చెప్పేవాడు. ఒక్క మనిషే పట్టే విమానంలో ఇరుక్కుని కూర్చోవడం, ఇంజనుకు గుండు తగిలి ముందు అద్దమంతా నూనె పడితే పక్కకు తల పెట్టి చూసుకుంటూ ఇంటికి రావడం, దిగాక కాళ్లు నిలవక అక్కడే బురదలో కూర్చుని చపాతీ అడగడం. అందరూ పకపకా నవ్వేవారు. నేను ఆయన చేతుల వైపే చూసేదాన్ని. అవి తొడల కింద దాచుకుని ఉండేవి.

చల్లబోయే చేలను ముందుగానే కాలినడకన తిరిగి చూసుకోవడం ఆయన పద్ధతి. చెట్లు, స్తంభాలు, తీగలు అన్నీ ఒక చిన్న పుస్తకంలో గీసుకునేవాడు. నేను వెంట వెళ్లేదాన్ని. "యుద్ధంలో గుండ్లు దప్పించుకోని వచ్చినోళ్లు ఈ పనిలో తీగ చూసుకోక పోయినారు పాపా," అన్నాడు. మా చేను దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అది రైలుకట్టకు అడ్డంగా, సన్నగా పొడుగ్గా ఉండేది. కట్ట పొడవునా ఎగరడానికి ఒకవైపు గుట్ట, ఒకవైపు చింతచెట్లు అడ్డం. కాబట్టి విమానం తిన్నగా కట్ట మీదికే రావాలి. కట్ట పక్కనే ఇనుప స్తంభాల మీద రైల్వే తంతి తీగలు. చేను కొసన, తీగలకు ఎనభై అడుగుల ఇవతల, తెల్లజెండా కట్టిన గడకర్ర పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. ఎక్కడ చల్లాలో అది గుర్తు. ఆ మనిషి నెత్తి మీదికి రాగానే విమానాన్ని పైకి లేపెయ్యాలి. "ఒక్క చిటికె ఆలీసమైతే తీగల్లోనే," అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ రోజు ఆకాశంలో కాస్త మోడం పట్టింది. ఊళ్లో అందరూ తలలెత్తి, వాన పడేలా ఉందని మురిసిపోతున్నారు. మబ్బు చూసి మొహం చిన్నబుచ్చుకున్న మనిషి మా నేలలో ఆయన ఒక్కడే. గట్టు మీద కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పాడు. ఆయన వెనకాల ఎగిరేవాడు ఒకడుండేవాడట, మిత్రా అని, బెంగాలీవాడు, ఆయన ఈడువాడే. ఒక పొద్దున ఇద్దరూ తిరిగొస్తుంటే ఎదురుగా కొండంత మోడం. చుట్టూ తిరిగి రావడానికి పెట్రోలు చాలదు. చిన్నాయన పక్కకు తిరిగి, 'నా వెంట రా' అని చెయ్యి ఊపి, మోడంలోకి దూరాడు. అవతలికి ఆయన ఒక్కడే వచ్చాడు.

"యాడ పడిపోయినాడో ఈ పొద్దుటికీ తెల్దు. మాపటికి నేను అన్నం తింటి, పండుకుంటి, మరుసనాడు ఎగిరితి. అప్పుడు భయం లేదు పాపా. ఊరికొచ్చినాక పట్టుకున్యాది."

"మరి ఇంక ఏంటికి ఎగరాల? మానుకోరాదా?"

"ఒక్కనాడు దిగినానంటే మళ్లీ ఎక్కలేను. ఇది తప్ప నాకేం పని వచ్చు చెప్పు?"

పదమూడేళ్ల పిల్ల మోయగలిగిన బరువు కాదది. అయినా నాలుగు రోజులు మోశాను. అయిదో రోజు మధ్యాహ్నం అవ్వ రాగులు చెరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "వానికి పెట్టిన సంగటి యాడికి పోతాంది? మూడు ముద్దలు తింటాండాడు, నడుం జూస్తే పురికొసంత అయితాంది. నువ్వు వాని ఎనకాలే తిరుగుతాండావు. చెప్పు."

ఏడుపు వచ్చేసింది. అంతా చెప్పేశాను, కక్కడం, చేతులు, మిత్రా, మోడం, అంతా. అవ్వ చేట కింద పెట్టింది. నలుపు పూసిన ఉత్తరాల కింద ఏముందో ఇరవై ఏళ్లకు ఆమెకు తెలిసినట్టుంది. ఆ తర్వాత మెల్లగా, "రైలుకు ఎర్రజెండా చూపిస్తే నిలబడతాది గదా పాపా. ఇమానానికీ అట్లనేనా?" అంది.

నాకు తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. కానీ అవ్వకు పేపరు చదివి వినిపించేది నేను, ఆమె లెక్కలో లోకజ్ఞానమంతా నాదే. పైగా ఆ క్షణాన నాకూ అది నిజమైతే బాగుండుననిపించింది. "అట్లనే అవ్వా. దేనికైనా ఎర్రజెండా ఎర్రజెండానే," అన్నాను.

"గాలిలో ఎట్ల నిలబడతాదే?"

"గాలిలో నిలబడదు. జెండా చూస్తానే కిందికి దించేస్తారు. అది రూలు."

'అది రూలు' అన్న మాట కూడా నేనే చేర్చాను. అవ్వ తల ఊపి, మళ్లీ చేట అందుకుంది.

మరుసటి రోజు మా చేను వంతు. నాయన పొద్దున్నే పచ్చజెండా ఒక్కటి తీసుకుని లైను మీదికి పోయాడు, ఆ రోజు పట్టాలు విప్పే పని లేదు. అవ్వ ఒంట్లో నలతగా ఉందని పడుకుంది. ఊరంతా చేల వైపు పోయింది. నేను అమ్మతో పాటు చేను ఇవతలి కొసన నిలబడ్డాను. విమానం రెండుసార్లు వచ్చిపోయింది. రెండుసార్లూ తెల్లజెండా మీదికి రాగానే గాల్లోకి లేచి, తీగలు దాటి, కట్ట అవతలికి పోయింది. నాకు దాహమై, అవ్వకు ఎలా ఉందో చూసి, నీళ్లు తాగి వద్దామని ఇంటికి వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది. పెరట్లో లేదు. నడవలో కొక్కేనికి తోలుసంచి వేలాడుతోంది, మూత తెరిచి ఉంది. అందులో ఏమీ లేదు.

ఎలా పరుగెత్తానో తెలియదు. చెప్పుల్లేవు. కంబళి పురుగులు అరికాళ్ల కింద చిట్లడం, వాటి నూగు గుచ్చుకోవడం మాత్రం ఇప్పటికీ తెలుస్తోంది. "అవ్వా!" అని అరుస్తున్నాను. నా అరుపు నాకే వినబడలేదు, విమానం మోత అప్పటికే దగ్గరైంది. మా చేను కొసన రైలుకట్ట మీద, పట్టాల నడుమ, అవ్వ నిలబడి ఉంది. తెల్లచీర కొంగు నడుముకు బిగించింది. గ్యాంగు మనుషులు ఎలా పడతారో అలాగే, ఎర్రజెండాను రెండు చేతులతో రొమ్ముకు అడ్డంగా విప్పి పట్టుకుంది. కదల్లేదు. ఆమెకూ విమానానికీ నడుమ తీగలు. విమానం పైరును రాసుకుంటూ, వెనక తెల్లటి పొడి తోకతో వస్తోంది. తెల్లజెండా మనిషి నెత్తి మీదికి వచ్చింది. లేవలేదు. అతను గడకర్ర పడేసి, బోర్లా పడుకున్నాడు. ఇంకా లేవలేదు. నా మూలంగా ఇద్దరూ పోతున్నారు అనుకున్నాను. కళ్లు మూసుకోవాలనిపించింది, మూతపడలేదు.

చిట్టచివరి క్షణాన విమానం ముక్కు పైకి లేచింది. కింది చక్రం తీగకు తగిలింది. పెద్ద తంబూరా తీగ తెగినట్టు ఖంగుమంది. తెగిన తీగ కొరడాలాగా గాల్లో తిరిగి, అవ్వకు రెండు గజాల దూరంలో కంకరను కొట్టింది. విమానం ఒక పక్కకు ఒరిగింది, కట్ట అవతల కిందికి దిగిపోయి కనబడలేదు. మోత ఆగలేదు. ఆ మోత ఒక్కటే ఆధారంగా నిలబడ్డాను. తర్వాత చాలా దూరంలో, చక్రానికి తీగ ముక్క వేలాడేసుకుని, పైకి లేచింది. గుండ్రంగా తిరిగి బీడు వైపు పోయింది.

అందరూ బీడు వైపు పరుగెత్తారు. నేను కట్టెక్కాను. అవ్వ పట్టా మీద కూర్చుని ఉంది, జెండా ఒళ్లో ఉంది. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. గంటసేపటికి చిన్నాయన నడుచుకుంటూ వచ్చాడు. మొహమంతా పొడి, చెమట దారలు. వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"నిలబెట్టినానా లేదా?" అంది అవ్వ.

"నిలబెట్నావు మా," అన్నాడు ఆయన.

నాయన తన తమ్ముడే తీగ తెంపాడని తానే స్టేషనులో రాసిచ్చాడు. ఎర్రజెండా ఎవరు తీశారో మాత్రం రాయలేదు. మిగిలిన చేలు చల్లడానికి కంపెనీ ఇంకో మనిషిని పంపింది. చిన్నాయన మళ్లీ ఎక్కలేదు. కదిరిలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే కొట్టు పెట్టి, చుట్టుపక్కల పల్లెల బావుల మీది మోటార్లన్నీ ఆయనే నడిపించాడు. పొద్దుటి పూట తిన్నది ఆయన కడుపులో నిలిచింది. యుద్ధం చేసిన మనిషిని ముసలి తల్లి గుడ్డ పట్టుకుని దించేసిందని ఊళ్లో కొన్నాళ్లు వేళాకోళం చేశారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజుల్లో మగవాడి భయానికి మా ఇళ్లలో పేరే లేదనిపిస్తుంది. ఇప్పటి పిల్లలు గుండె దడగా ఉందని డాక్టరుకు చెబుతారు, చెప్పి మందు తెచ్చుకుంటారు. వాళ్లను చూసి మెత్తటివాళ్లని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు మాత్రం వారం జ్వరం కాసింది. 'పాప చెప్పింది' అని అవ్వ అంటే నా గతేమిటని మంచంలో ముడుచుకుపోయాను. అవ్వ అనలేదు. ఆ తర్వాత ఏడేళ్లు బతికింది, ఒక్కసారీ అనలేదు. నాపై దయతలచిందో, నేను చెప్పింది నిజమనే చివరిదాకా నమ్మిందో తెలియదు. రెండోదే అయితే నాకు ఇంకా భయం.

చిన్నాయనకు ఎనభై దగ్గరపడ్డాక చూపు తగ్గింది. నేను ఉద్యోగం నుంచి సెలవు పెట్టి, కదిరిలో ఆయన గదిలో నాలుగు రోజులున్నాను. ఒక సాయంత్రం ఆయనే ఆ మాట ఎత్తాడు.

"ఎర్రజెండా నాకు శానా దూరం నుంచే కనపడినాది పాపా. అమ్మ అని గూడా తెల్సినాది. తీగలుండాయనీ తెల్సు. ఐనా చెయ్యి ఆడలా. యుద్ధంలో అందరూ నాకు పొమ్మనే చెయ్యి ఊపినారు. నేను గూడా మిత్రాకు రమ్మనే ఊపితి. నిలబడమన్నోళ్లు ఒక్కరన్నా లేరు. ఆ పొద్దు మా యమ్మ నిలబడమనె. అట్లనే చూస్తా ఉండిపోతి." కళ్లు నులుముకుని, "ఐనా ఇమానానికి ఎర్రజెండా పట్టాలని ఆమెకు ఎట్ల తోచినాదో," అన్నాడు.

నాకప్పుడు యాభై దాటాయి. గడ్డివామి వెనక నిలబడ్డ పిల్లకు ఎంత భయమో అంత భయం వేసింది.

"నేనే చెప్పినా చిన్నాయనా. జెండా చూస్తే దించేస్తారు, అది రూలు అని నేనే అబద్ధం చెప్పినా."

ఆయన గాల్లో తడుముకుని, నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"నువ్వు ఇంకో ఇరవై ఏండ్లు ముందర పుట్టుంటే బాగుండు గదా పాపా. మిత్రా వాళ్లమ్మకు గూడా చెప్పుందువు," అన్నాడు.